పాత వంతెన చూడబోయే పిల్లలకు

నాగోల్, హైదరాబాదు.

చిరంజీవులైన మా కాలనీ కుర్రవాళ్ళకీ, అమ్మాయిలకీ ఆశీర్వదించి రాస్తున్నది.

మీరంతా కలిసి రాజమండ్రి వెళ్తున్నారనీ, అక్కడి హేవ్‌లాక్ వంతెన మీద వీడియో తీస్తారనీ, దానికి ‘చరిత్ర నాలుగు ముక్కల్లో’ కావాలనీ మా మనవరాలితో కబురు పంపారు. నాలుగు ముక్కల్లో చెప్పడం నా వల్ల కాదర్రా. పుట్టింది కొవ్వూరు వైపు, బతుకంతా రైల్వే వంతెనల విభాగంలో. ఇప్పుడు ఈ మూసీ ఒడ్డున, మెట్రో చప్పుడు వింటూ కాలక్షేపం. వంతెన గురించి నన్నడిగితే ఊరుకుంటానా? కాబట్టి ఉత్తరం పొడుగైతే విసుక్కోకండి. బండిలో తీరిగ్గా చదువుకోండి, సికింద్రాబాదులో రాత్రి ఎక్కితే తెల్లారేదాకా చదివినా అయిపోదు.

ముందు చరిత్ర సంగతి చూసేద్దాం, మీకు కావలసింది అదేగా. 1893కల్లా బెజవాడ దగ్గర కృష్ణ మీద రైలు వంతెన వచ్చేసింది. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో కోస్తా పొడుగునా పట్టాలు పరుచుకుంటూ పోయారు. కానీ మధ్యలో గోదావరి ఉంది. ఇటు బండి కొవ్వూరుదాకా, అటు బండి రాజమండ్రి నుంచి. మధ్యలో మూటాముల్లె దించుకుని, పిల్లల్ని చంకనేసుకుని, పడవెక్కి ఏరు దాటి మళ్ళీ బండెక్కాలి. వరదల్లో ఆ దాటడం ఎలా ఉండేదో గోదావరిని ఆగస్టులో చూసినవాడికి చెప్పక్కర్లేదు. 1897 నవంబరు 11న వంతెన పని మొదలుపెట్టారు. 1900 ఆగస్టు 30న బళ్ళు నడిచాయి. మూడేళ్ళు కూడా నిండలేదు! అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ ఎలిబాంక్ హేవ్‌లాక్ పేరు పెట్టారు. కట్టించిన ఇంజనీరు పేరు ఎఫ్.టి.గ్రాన్విల్ వాల్టన్. కాశీలో గంగ మీద 1887లో తెరిచిన డఫ్రిన్ వంతెన, ఇప్పుడు మాలవీయ వంతెన అంటున్నది, కట్టించిన చెయ్యే ఆయనది. గంగ ఇసుకలో నేర్చిన పని గోదావరి ఇసుకలో అక్కరకొచ్చింది. వంతెనకి పేరు మాత్రం గవర్నరుది. మన దేశంలో ఇదేం కొత్త కాదు, ఇప్పటికీ ఫ్లైఓవర్ శిలాఫలకం చదివితే డిజైను చేసినవాడి పేరు భూతద్దం పెట్టినా దొరకదు.

కొలతలు కూడా రాసుకోండి. మొత్తం 56 స్పానులు. ఒక్కోటి 150 అడుగులు, అంటే 45.7 మీటర్లు. రాతి స్తంభాల మీద ఉక్కు గర్డర్లు. జనం ఇనుప వంతెన అంటారు, నేనూ అలాగే అంటాను. ఒకటే లైను. రెండున్నర కిలోమీటర్లు దాటిన పొడవు. 1997లో సెలవిచ్చారు. అంటే 97 ఏళ్ళ సర్వీసు. నాకు మాత్రం అరవై నిండగానే దండేసి పంపేశారు.

మీ వీడియోకి ఇక్కడిదాకా చాలు. ఇక ముందున్నది మీకోసం.

వంతెన ఫొటో తీసేటప్పుడు అందరూ పైనున్న ఇనుమునే తీస్తారు. గోదావరి మీద కష్టమంతా కిందే. ఆ ఏటికి అడుగున రాయి అంత సులువుగా దొరకదు. ఇసుకే ఇసుక. వరదొస్తే ఆ ఇసుక ఉన్నచోట ఉండదు, స్తంభం చుట్టూ సుడి తిరుగుతూ గుంట తోడేస్తుంది. మామూలు పునాది అయితే దాని కింద ఖాళీ అయిపోయి ఒరిగిపోతుంది. అందుకని బావులు దింపుతారు. మన పల్లెల్లో ఒరల బావి దింపడం మీలో ఎవరైనా చూశారో లేదో: ఒర పెట్టి, లోపల మనిషి దిగి మట్టి తోడుతుంటే ఒర తన బరువుకి తానే దిగుతుంది, దాని మీద ఇంకో ఒర. ఇదీ అచ్చంగా అదే, కాకపోతే ఏటి మధ్యలో, ఇల్లంత వెడల్పున. కింద పదునైన ఇనుప అంచు, దాని మీద రాతి కట్టుబడి, లోపలి ఇసుక తోడుతూ ఉంటే మొత్తం కిందికి జారుతూ పోతుంది. ఒకవైపు ఎక్కువ తోడితే బావి వాలుతుంది. వాలినదాన్ని నిలబెట్టడం కొత్తది దింపడం కన్నా కష్టం. లోపల దుంగో బండో అడ్డం వస్తే మనిషి నీళ్ళలోకి దిగి చూడాల్సిందే. గోదావరి వరద ఎంత లోతుదాకా ఇసుక తోడగలదో అంతకన్నా కిందికి బావి పోవాలి. అలా పోయాకే లోపల పూడ్చి, మూసి, పైన స్తంభం లేపుతారు. ఏడాదిలో ఎండకాలం నెలలే పనికి అనువు. ఆ లెక్కన మూడేళ్ళలోపు ముగించారంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మీ నాన్నలకి గుర్తుంటుంది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. కోనసీమ లంకలు మునిగిపోయాయి. ఆ నీరంతా ముందు ఈ వంతెన స్తంభాల మధ్య నుంచే పోయింది. అప్పటికి దాని వయసు 86. స్తంభాలు కదల్లేదు. కిందికి దింపిన బావుల గొప్పతనం అది, పైనున్న ఇనుముది కాదు.

ఇక ఇనుము సంగతి. సివిల్ చదువుతున్నవాడు మీలో ఒకడున్నాడుగా, వాడు మిగతావాళ్ళకి చెప్పాలి. మూడు పుల్లలు చివర్లు కట్టి త్రికోణం చేసి నొక్కండి, ఆకారం మారదు. నాలుగు పుల్లలతో చతురస్రం చేసి నొక్కండి, పక్కకి పడిపోతుంది. ట్రస్ అంటే ఈ త్రికోణాల వరసే. బండి ఎక్కగానే పై కడ్డీ నలుగుతుంది, కింది కడ్డీ సాగుతుంది, మధ్యలోని ఏటవాలు కడ్డీలు ఆ బరువుని ఒకదాని నుంచి ఇంకోదానికి అందించి చివరికి స్తంభం మీద దించుతాయి. బండి కదులుతూ ఉంటే మధ్యనున్న కొన్ని కడ్డీల్లో నలుగుడు కాస్తా సాగుడుగా మారిపోతుంది. రోజూ ఎన్ని బళ్ళు పోతే అన్నిసార్లు. కంటికి కనపడదు. కానీ కడ్డీలు కలిసే చోట ఉన్న రివెట్లకి తెలుస్తుంది.

రివెట్టు అంటే వెల్డింగు రాకముందు ఇనుముని ఇనుముకి కుట్టే సాధనం. కొలిమిలో ఎర్రగా కాల్చి, పట్టకారుతో విసిరితే, పైన గర్డరు మీదున్నవాడు డబ్బాతో పట్టి, రంధ్రంలో దూర్చి, ఒకడు వెనక అదిమి పట్టగా ఇంకొకడు తల కొట్టి పరిచేవాడు. చల్లారేటప్పుడు అది కుదించుకుని రేకుల్ని బిగించి పట్టేస్తుంది. ఆ బిగువే అతుకు. అది వదులైందా లేదా అని తెలుసుకోవడానికి మాకు నేర్పిన పద్ధతి చెబుతాను, ఏ యంత్రం అక్కర్లేదు. రివెట్టు తలకి ఒకవైపు ఎడమచేతి వేలు ఆనించి, అవతలి వైపు చిన్న సుత్తితో కొట్టాలి. గట్టిగా ఉంటే సుత్తి ఎగిరి వెనక్కొస్తుంది, వేలికేమీ తెలీదు. వదులుగా ఉంటే వేలి కింద జిలపుట్టినట్టు అదురుతుంది. చప్పుడు కూడా మారుతుంది, ఖణ్ మనేది కాస్తా మొద్దుగా పలుకుతుంది. మా ఖలాసీల్లో పెద్దవాళ్ళకి వేలు కూడా అక్కర్లేదు, రివెట్టు తల చుట్టూ ఎర్రటి తుప్పు చార కన్నీటి మరకలా కిందికి జారి ఉంటే చాలు, దూరం నుంచే ‘అది పోయిందండీ’ అనేవారు. వదులు రివెట్టు పక్కన తెల్ల రంగుతో గుర్తు పెట్టి, రిజిస్టరులో రాసి, మార్పించేదాకా వెంటపడాలి. ఒక వంతెనలో ఇలాంటి తలలు వేలకు వేలు. చూసినవాళ్ళ పేర్లు ఏ పలక మీదా ఉండవు. ఉండాలని వాళ్ళూ అడగలేదు. సాయంత్రం టీ సరిగ్గా కాయలేదని మాత్రం బాగా గొడవపెట్టేవారు.

ఇంకో చోటు చూపించాలి మీకు. గర్డరు స్తంభం మీద ఊరికే కూర్చోదు. ఒక చివర కదలకుండా బిగిస్తారు, రెండో చివర కింద రోలర్లు పెడతారు. ఎందుకంటే ఎండకి ఇనుము సాగుతుంది. జనవరి తెల్లవారుజామున చల్లబడ్డ గర్డరు మే నెల మధ్యాహ్నానికి దాదాపు నలభై డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే, 45.7 మీటర్ల స్పాను రెండు సెంటీమీటర్లకు పైగా పొడుగవుతుంది. లెక్క వేసుకోండి, మీ ఫోన్లోనే అవుతుంది. 56 స్పానులూ కలిపి చూస్తే మీటరు పైచిలుకు. అంత పొడుగు ఇనుము ఎటూ పోనివ్వకుండా బిగిస్తే స్తంభాల్ని తోసేస్తుంది. అందుకే రోలరు. ఆ రోలర్ల దగ్గర ఇసుక, పావురాల రెట్ట, పాత గ్రీజు గడ్డకట్టి రాయి అవుతుంది. అప్పుడు రోలరు దొర్లదు. దొర్లని రోలరు పైకి చక్కగానే కనిపిస్తుంది, ఫొటోలో తేడా తెలీదు. మోకాళ్ళ మీద వంగి, టార్చి వేసి, గ్రీజు గీకి చూసినవాడికే తెలుస్తుంది.

రంగు సంగతి చెప్పకపోతే పెయింటర్లు నన్ను క్షమించరు. మామూలుగా ఎర్ర ప్రైమరు, దాని మీద వెండి రంగు అల్యూమినియం పెయింటు. వేసేముందు పాత రంగూ తుప్పూ వైరు బ్రష్షుతో గీకాలి, అసలు కష్టం అదే. గీకకుండా పూస్తే తుప్పు లోపల హాయిగా పెరుగుతుంది, బయటికి వంతెన కొత్త పెళ్ళికొడుకే. పొడుగాటి వంతెనల్లో ఒక కొస నుంచి మొదలుపెట్టి రెండో కొసకి చేరేసరికి మొదటి కొస మళ్ళీ గీకడానికి సిద్ధంగా ఉంటుంది. రైల్వేలో ఏటా వానలు వెళ్ళాక ప్రతి వంతెననీ చూసి రిజిస్టరులో ఎక్కించాలని నియమం. మా దగ్గర వంతెనకో నంబరు, ఆ నంబరుకో పుట. పుటలో రాయకపోతే చూడనట్టే లెక్క. హేవ్‌లాక్ వంతెన 97 ఏళ్ళు బండి మోసిందంటే, కట్టినవాళ్ళ ఘనత ఎంతో ఈ పుటలు నింపినవాళ్ళ ఘనతా అంతే. నన్నడిగితే ఒక పిసరు ఎక్కువే. ఉద్యోగ పక్షపాతం అనుకోండి.

మరి ఇంత బాగున్నదాన్ని ఎందుకు మాన్పించారు? కాలం మారింది. ఇంజన్లు బరువెక్కాయి, వేగాలు పెరిగాయి, ఒక్క లైను చాల్లేదు. మద్రాసు–హౌరా దారిలో జోడు లైను కోసం రెండో వంతెన తలపెట్టినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం పైన రోడ్డు కూడా వెయ్యమంది. అలా వచ్చిందే 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన, అదీ ట్రస్సే, 91.5 మీటర్ల పెద్ద స్పానులు 27, రాజమండ్రి కొసన చిన్నవి ఇంకొన్ని. ఆ కొసన ఊరు అడ్డం రావడంతో వంతెన వంపు తిరుగుతుంది, చూడండి. ఆ తర్వాత పాత వంతెనకి ఎగువన, పక్కనే, కాంక్రీటు ఆర్చీలతో మూడోది లేచింది. అది 1997లో సిద్ధమయ్యాక పాతదానికి విశ్రాంతి. కూలి కాదు, పడిపోయి కాదు, పనిచేస్తూ ఉండగానే పక్కకి తప్పుకుంది. వంతెనలకి ఇంత మర్యాదైన పదవీ విరమణ అరుదు.

విరమణ తర్వాతే చిక్కంతా. విప్పి తుక్కు కింద అమ్మేద్దామన్న మాట వచ్చినప్పుడు రాజమండ్రి జనం వద్దన్నారు. మంచి పని చేశారు. ఆ తర్వాత పర్యాటకానికి వాడదామన్న మాట ఎన్నిసార్లు లేచిందో, ఎన్నిసార్లు అణిగిందో. 2025 జూన్‌లో అఖండ గోదావరి ప్రాజెక్టుకి శంకుస్థాపన జరిగింది. అందులో ఈ వంతెనా ఉంది. 2027లో గోదావరి పుష్కరాలు. ఆ జనమంతా ఇటు చూస్తారు. మీ వీడియో కూడా ఆ ఊపులోదే కదా? అందుకే ఇప్పుడు నా మనసులో మాట చెప్పాలి.

ఈ మధ్య ఎవరితో మాట్లాడినా ‘లైట్లు పెడితే అదిరిపోతుంది’ అంటారు. పెట్టండి, నాకేం కోపం లేదు. కానీ లైట్ల వెలుగులో తుప్పు కనపడదు. గుజరాత్‌లోని మోర్బీలో మచ్చు నది మీద పందొమ్మిదో శతాబ్దపు వేలాడే వంతెన ఒకటుండేది. మరమ్మతు చేశామని 2022 అక్టోబరు 26న తెరిచారు, 30న తెగిపోయింది. 135 మంది పోయారు. తర్వాత ప్రత్యేక దర్యాప్తు బృందం చూస్తే, ప్రధాన తీగలోని 49 పోగుల్లో 22 అంతకుముందే తుప్పుపట్టి ఉన్నాయి. మరమ్మతు పేరుతో చేసిందేమిటంటే, పాత చెక్కల నేల తీసి బరువైన అల్యూమినియం రేకులు వేశారు. జనం నడిచే నేల కొత్తదైంది, మోసే తీగ పాతదే ఉండిపోయింది. కంటికి కనపడేది మార్చారు, కనపడనిది వదిలేశారు. 2025 జూన్ 15న పుణె దగ్గర కుండ్‌మళలో ఇంద్రాయణి మీది ఇనుప వంతెన ఆదివారం సందర్శకుల బరువుకి కూలింది. అది అంత పాతది కూడా కాదు. అక్కడ ఎక్కువమంది ఎందుకొచ్చారో మీకు నేను చెప్పాలా? వానాకాలం ఏరు చూసి, ఫొటోలు దిగడానికి.

‘తాతగారూ, రైళ్ళు మోసిన వంతెన, మనుషుల్ని మొయ్యలేదా’ అని మీరు అడుగుతారు. సబబైన ప్రశ్నే. లెక్క చెబుతాను. కిక్కిరిసిన జనానికి చదరపు మీటరుకి దాదాపు అర టన్ను వేసుకుంటాం. మూడు మీటర్ల వెడల్పు నడకదారి అనుకుంటే ఒక్కో స్పాను మీద అటూ ఇటూగా డెబ్బై టన్నులు. రైలు బరువు ముందు ఇది తక్కువే, ప్రధాన గర్డరు మొయ్యగలిగిందే. గొడవ గర్డరుతో కాదు. రైలు బరువు పట్టాల మీద పడుతుంది, పట్టాల కింద దూలాలు, వాటి కింద అడ్డ దూలాలు, ఆ దారి అంతా ముందే తెలిసిన దారి. మనిషి అలా కాదు, పట్టాలు లేని చోట నిలబడతాడు, కొత్తగా పరిచిన రేకు మీద నిలబడతాడు, పడవ పోతుంటే వందమంది ఒక్క పక్కకి చేరి పిట్టగోడ మీద వాలతారు. రైలుకి సిగ్నలు ఉంది, వేగ పరిమితి ఉంది, ఆపమంటే ఆగుతుంది. జనానికి ఇవేవీ లేవు. 2015 పుష్కరాల మొదటి రోజున రాజమండ్రి ఘాటులో తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా పోయారు, అక్కడ కూలింది ఏ కట్టడమూ కాదు. పైగా బళ్ళు నడిచినన్నాళ్ళూ వంతెన మీద కళ్ళుండేవి. పట్టాలు చూసుకునే కీమాన్ రోజూ నడిచేవాడు. బండి ఆగిన రోజు నుంచి ఆ నడకా ఆగింది. ఇనుముకి మాత్రం తెలీదుగా తను రిటైరైందని, తుప్పు పట్టడం దాని ధర్మం.

అలాగని మూసి పారెయ్యమనేవాణ్ణి కాదు. ఇంగ్లండులో సెవర్న్ నది మీద 1779లో పోత ఇనుముతో వంతెన కట్టారు, ప్రపంచంలో పెద్ద ఇనుప వంతెనల్లో మొదటిది. ఇప్పటికీ ఉంది. 1934లోనే బళ్ళు మాన్పించి మనుషులకి వదిలారు. మనుషుల దగ్గర మాత్రం 1950దాకా సుంకం వసూలు చేశారు. ఆ సుంకాల పలక నాకు మహా ఇష్టం: సిపాయి డ్యూటీలో ఉన్నా కట్టాలి, రాజకుటుంబమైనా కట్టాలి అని రాసుంటుంది. మన టోల్‌గేట్ల దగ్గర మినహాయింపుల బోర్డు చదివాక ఆ పలక తలుచుకుంటే నవ్వొస్తుంది. హేవ్‌లాక్ వంతెన మీద నడవడానికి పది రూపాయలు తీసుకోండి, మంత్రిగారి దగ్గరా తీసుకోండి, ఆ పది రూపాయలు ఇనుము గీకడానికి, రోలరు తియ్యడానికి మాత్రమే పోయేలా పుస్తకం పెట్టండి. ఏడాదికోసారి ఎవరో ఒకరు సుత్తి పట్టుకుని 56 స్పానులూ నడిచి, రాసి, ఆ రాసింది గుమ్మం దగ్గర అందరూ చదివేలా అంటించాలి. అలా అయితే నేనూ టికెట్టు కొనుక్కుని మోకాళ్ళ నొప్పులతోనైనా అవతలిదాకా నడుస్తాను.

మీరంతా రాజమండ్రి దాకా ఎందుకు, ముందు మన ఇంటి ముందు చూడండి. మనం చిరునామా చెప్పేటప్పుడు మెట్రో పిల్లరు నంబరు చెబుతాం. బిర్యానీ తెచ్చే అబ్బాయికీ అదే, చుట్టాలకీ అదే. 2017 నవంబరులో నాగోల్ నుంచి బండి మొదలైన దగ్గర్నుంచి రోజూ ఆ నంబర్ల కింద నడుస్తున్నాం. పిల్లరు తలకీ పైన దూలానికీ మధ్య బేరింగు ఉంటుందని, అదీ పాత వంతెన రోలరు చేసే పనే చేస్తుందని మీలో ఎంతమంది తలెత్తి చూశారు? 2019 సెప్టెంబరులో అమీర్‌పేట స్టేషను కింద వానకి తలదాచుకున్న యువతి మీద పెచ్చు ఊడిపడి ప్రాణం పోయింది. అప్పటికి ఆ కట్టడానికి వయసెంత? కొత్తదైతే చూడక్కర్లేదు అనుకోవడం, పాతదైతే ఇన్నాళ్ళు నిలిచింది ఇంకా నిలుస్తుంది అనుకోవడం, రెండూ ఒకే బద్ధకం.

వలిగొండ మనకి ఎంత దూరం? బైకు మీద పొద్దున పోయి మధ్యాహ్నానికి వచ్చేస్తారు. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున అక్కడ డెల్టా ప్యాసింజరు వరద నీళ్ళలో పడింది. కనీసం 114 మంది చనిపోయారు. చెరువు కట్ట తెగి వచ్చిన నీళ్ళు ఒక చిన్న వంతెన దగ్గర లైను కింద మట్టిని ఎత్తుకుపోయాయి. ఆ వంతెనకి గవర్నరు పేరు లేదు, దాన్ని ఎవరూ ఫొటో తీసింది లేదు. మా విభాగంలో ఉన్నవాళ్ళకి పెద్ద వంతెనలంటే గర్వం, చిన్న వంతెనలంటే భయం. పెద్దదాన్ని అందరూ చూస్తారు. చిన్నదాన్ని, దాని ఎగువనున్న చెరువు కట్టనీ చూసేవాడు కావాలి. రైల్వేవాడి పుటలో వంతెన ఉంటుంది, చెరువు ఉండదు. చెరువు వేరేవాళ్ళ పుటలో ఉంటుంది. నీళ్ళకి ఈ పుటలతో పనేముంది?

సరే, రాజమండ్రిలో ఏం చెయ్యాలో చెబుతాను. కొవ్వూరు దాటగానే లేచి కూర్చోండి. మీ బండి ఆర్చి వంతెన మీద పడితే కుడివైపు కిటికీలోంచి పాత వంతెన పక్కనే కనిపిస్తుంది. నాణేలు వెయ్యాలనిపిస్తే వెయ్యండి, మా అమ్మ కూడా వేసేది, కానీ ఆ కంగారులో స్తంభాలు చూడటం మర్చిపోకండి. తర్వాత దిగి ఘాటు వైపు వెళ్ళండి. కాపలా ఉన్నచోట, వద్దన్నచోట ఎక్కొద్దు. వీడియో కోసం కంచె దాటారని తెలిస్తే మీ అమ్మానాన్నలకి నేనే ఫోన్ చేస్తాను. గట్టు మీద నుంచే జూమ్ పెట్టి మూడు చోట్లు తియ్యండి: గర్డరు స్తంభం మీద కూర్చునే చోటు, కడ్డీలు కలిసే చోట రివెట్ల వరస, స్తంభం నీళ్ళలోకి దిగే చోట రాతి కట్టుబడి. తుప్పు చార కనపడితే దగ్గరగా తియ్యండి, స్తంభాలు లెక్కపెట్టి అది ఎన్నోదో రాసుకోండి. సూర్యాస్తమయం షాటు కూడా తీసుకోండి, అది లేకపోతే మీకు లైకులు రావని మనవరాలు చెప్పింది.

తిరిగొచ్చాక సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెడదాం. అడగాల్సినవి నేను మనసులో పెట్టుకున్నాను: ఈ వంతెన ఇప్పుడు ఏ శాఖ రిజిస్టరులో ఉంది, చివరిసారి ఎవరు ఎప్పుడు పరీక్షించారు, ఆ నివేదిక నకలు ఇస్తారా, నడకదారి వేసేముందు ఎంత బరువుకి లెక్క కట్టారు, ఒకేసారి ఎంతమందిని పంపుతారు, స్తంభాల చుట్టూ ఇసుక ఎంత లోతు తోడుకుపోయిందో వరదల తర్వాత కొలిచారా. అలాంటిదే ఇంకోటి మన మెట్రో పిల్లర్ల బేరింగుల మీద. సివిల్ చదివే అబ్బాయి చిత్తు రాసుకుని ఆదివారం పొద్దున టిఫిన్ టైముకి మా ఇంటికి రావాలి. అర్జీ తెలుగులోనే రాద్దాం, చట్టం ఒప్పుకుంటుంది. ఫీజు పది రూపాయలు నేనిస్తాను. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు ఎలా వెయ్యాలో కూడా నాకు తెలుసు, పెన్షను బకాయిల కోసం బాగా అలవాటైంది.

ఆశీస్సులతో,

మీ రెండో వీధి రైల్వే తాతయ్య